ఇంగ్లండ్‌లో ఇంటి బయటి గోడకు పొగగొట్టం: అనుమతి ఎప్పుడు అక్కర్లేదు, ఎప్పుడు తప్పదు

ఇంగ్లండ్‌లో చలికాలపు గ్యాసు బిల్లులు పెరిగినకొద్దీ హాల్లో ఒక కట్టెల స్టవ్ పెట్టించుకుంటే బాగుంటుందన్న ఆలోచన అక్కడ స్థిరపడ్డ తెలుగు ఇళ్లలోనూ వస్తూ ఉంటుంది. పాత విక్టోరియన్ ఇళ్లకైతే ఇటుకల చిమ్నీ ఉంటుంది. దాని లోపల స్టీలు లైనర్ దించి స్టవ్‌కు కలిపేయవచ్చు. సెంట్రల్ హీటింగ్ వచ్చాక కట్టిన ఇళ్లలో చాలావాటికి ఆ చిమ్నీయే లేదు. పాత ఇళ్లలో కూడా గది విశాలం చేసుకోవడానికి మునుపటి యజమానులు చిమ్నీని పడగొట్టించినవి ఉన్నాయి. అలాంటి ఇంట్లో పొగ బయటికి పోవాలంటే దారులు రెండే. పైగదిలోంచి, అటకలోంచి గొట్టాన్ని నేరుగా కప్పు మీదికి తీసుకెళ్లాలి. లేదా గోడకు కన్నం పెట్టి, బయటికి తెచ్చి, గోడ వెంబడి పైకి లేపాలి. పడగ్గదిలో చోటు పోదు కాబట్టి రెండోదే మేలనిపిస్తుంది.

దానికి కౌన్సిల్ ప్లానింగ్ పర్మిషన్ కావాలా? మామూలు ఇంటికి చాలా సందర్భాల్లో అక్కర్లేదు. అయితే ఈ జవాబు దగ్గరే ఆగిపోతే అసలు విషయం తప్పిపోతుంది. ప్లానింగ్ చట్టం చూసేది గొట్టం బయటికి ఎలా కనిపిస్తుందన్నది. పొగ ఎటు పోతుంది, ఇల్లు అంటుకోకుండా ఉంటుందా, పక్కింటివాళ్ల ఊపిరి సంగతేమిటి అన్నవి వేరే చట్టాల పని. తెలుగు రాష్ట్రాల్లో ఇల్లు కట్టేటప్పుడు మున్సిపాలిటీ ఇచ్చే ప్లాన్ అప్రూవల్‌కు అలవాటుపడినవాళ్లు ఆ ఒక్క కాగితంతో అంతా తేలిపోతుందనుకోవడం సహజం. ఇంగ్లండ్‌లో ప్లానింగ్ వేరు, కట్టడం భద్రతను తనిఖీ చేసే బిల్డింగ్ కంట్రోల్ వేరు. ఒకటి అక్కర్లేదంటే రెండోదీ అక్కర్లేదని కాదు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు ఎవరి నిబంధనలు వాళ్లకున్నాయి. ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతి.

అనుమతి అక్కర్లేదని చెప్పే నిబంధన 2015 నాటి జనరల్ పర్మిటెడ్ డెవలప్‌మెంట్ ఆర్డర్‌లో ఉంది. రెండో షెడ్యూల్, మొదటి భాగం, క్లాస్ జి. ఇళ్లకు చిమ్నీ, ఫ్లూ (పొగగొట్టం), మరుగుదొడ్డి గాలిగొట్టం వంటివి కొత్తగా పెట్టడం, మార్చడం, పాతది తీసి కొత్తది వేయడం ఈ క్లాస్ కిందికే వస్తాయి. 2008 అక్టోబర్ 1న అంతకుముందరి ఆర్డర్‌ను సవరించినప్పుడు ఈ క్లాస్ వచ్చింది. దీని షరతులు ఆశ్చర్యపోయేంత తక్కువ. గొట్టం ఏ లోహంతో ఉండాలో, ఏ రంగులో ఉండాలో, ఎంత లావుండాలో ఏమీ చెప్పదు. మామూలు వీధిలోని ఇల్లయితే ముందు గోడ మీద పెట్టినా అడ్డు చెప్పదు. ప్రధానమైన షరతు ఎత్తు ఒక్కటే. ఇంటి కప్పులో అన్నిటికన్నా ఎత్తయిన భాగాన్ని గొట్టం ఒక మీటరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ దాటకూడదు. సరిగ్గా మీటరు దాటినా కుదరదన్నమాట, ఒక మీటరుకు లోపలే ఉండాలి. అన్నిటికన్నా ఎత్తయిన భాగమంటే రెండు వాలు కప్పులూ పైన కలిసే కొప్పు. పాత చిమ్నీ అంతకన్నా ఎత్తుగా ఉన్నా దాన్ని లెక్కలోకి తీసుకోరు. వెనక ఒక అంతస్తు ఎక్స్‌టెన్షన్ మీద గొట్టం పెట్టినా, కొలవాల్సింది ఎక్స్‌టెన్షన్ కప్పు నుంచి కాదు, ప్రధాన ఇంటి కొప్పు నుంచి.

రెండో షరతు చోటును బట్టి. కన్జర్వేషన్ ఏరియాలు (పాత రూపాన్ని కాపాడాలని గుర్తించిన ప్రాంతాలు), నేషనల్ పార్కులు, ఇప్పుడు నేషనల్ ల్యాండ్‌స్కేప్స్ అంటున్న ప్రకృతి సుందర ప్రాంతాలు, నార్ఫోక్ బ్రాడ్స్, ప్రపంచ వారసత్వ స్థలాలు వంటివాటిని చట్టం విడిగా ఒక జాబితాలో పెట్టింది. ఆ ప్రాంతాల్లో గొట్టం రోడ్డుకు ఎదురుగా ఉన్న గోడ మీదో, కప్పు వాలు మీదో ఉండి, ఆ వైపు ఇంటి ముఖభాగమో పక్కభాగమో అయితే దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. వెనక గోడ మీదయితే కన్జర్వేషన్ ఏరియాలో కూడా అక్కర్లేదు. మూలమీది ఇళ్లవాళ్లు ఇక్కడే పొరపడే వీలుంది. ముందువైపు కాదు కదా అనుకుంటారు గానీ, వాళ్ల పక్కగోడ కూడా ఒక రోడ్డును చూస్తూ ఉంటుంది.

ఈ సౌకర్యం అసలే వర్తించని ఇళ్లూ ఉన్నాయి. ఫ్లాట్లకు క్లాస్ జి లేదు. పై ఫ్లాట్ అయినా, ఒక పాత ఇంటిని రెండుగా విడగొట్టిన మెజొనెట్ అయినా అంతే. పైగా అక్కడ లీజు షరతులు, ఫ్రీహోల్డర్ (భవనం అసలు యజమాని) అంగీకారం వేరే ఉంటాయి. పొలంలోని కొట్టాన్నో, ఆఫీసునో పర్మిటెడ్ డెవలప్‌మెంట్ హక్కు (దరఖాస్తు లేకుండానే పని చేసుకునే హక్కు) కిందే ఇల్లుగా మార్చుకున్నవాళ్లకు కూడా చాలా సందర్భాల్లో ఇది లేదు. కొత్త ఎస్టేట్లలో ఇంకో చిక్కు. ఆ ఎస్టేట్‌కు మొదట అనుమతి ఇచ్చినప్పుడే, ఇకముందు ఈ హక్కులు వాడుకోరాదని కౌన్సిల్ ఒక షరతు పెట్టి ఉండవచ్చు. తెలుగు కుటుంబాలు కొత్త ఎస్టేట్లలోనూ ఇళ్లు కొంటుంటాయి కాబట్టి ఇది ముఖ్యం. ఆ షరతు ఇంటి కాగితాల్లో పైకి కనిపించదు, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పాత అనుమతి పత్రం తెరిచి వెతకాలి. కాగితాల్లో కనిపించేది వేరొకటి: బిల్డర్ పెట్టిన కవనెంట్, అంటే ఇంటి బయటి రూపాన్ని మార్చకూడదన్న ఒప్పందం. అది కౌన్సిల్ పరిధిలోది కాదు. ప్లానింగ్ అనుమతి ఉన్నా ఆ ఒప్పందం ఒప్పందమే. కొన్ని వీధులకు ఆర్టికల్ 4 డైరెక్షన్ పేరిట కౌన్సిలే ఈ హక్కులను వెనక్కి తీసుకుని ఉంటుంది.

లిస్టెడ్ ఇళ్ల సంగతి పూర్తిగా వేరు. చారిత్రక విలువ ఉందని జాబితాలో చేర్చిన ఇంటికి, దాని స్వభావాన్ని మార్చే పని ఏది చేసినా 1990 నాటి లిస్టెడ్ భవనాల చట్టం కింద ముందే సమ్మతి తీసుకోవాలి. వెనకవైపయినా సరే. తీసుకోకుండా చేస్తే అది నేరం, రెండేళ్ల దాకా జైలు పడే అవకాశం ఉంది. ఎన్నేళ్లు గడిచినా ఆ తప్పు మాసిపోదు. ఇల్లు లిస్టెడ్ అయితే స్టవ్ కొనడానికి ముందే కౌన్సిల్‌లోని కన్జర్వేషన్ అధికారితో మాట్లాడాలి.

ఇక్కడిదాకా ప్లానింగ్. ఇకమీదట వచ్చేదే అసలు కీలకం: గొట్టం ఎంత ఎత్తుండాలి?

ప్లానింగ్ చట్టం పైన హద్దు గీస్తే, బిల్డింగ్ కంట్రోల్ చూసే బిల్డింగ్ రెగ్యులేషన్స్ కింది హద్దు గీస్తాయి. ఇంతకన్నా పొట్టిగా ఉండకూడదని చెప్పేది అప్రూవ్డ్ డాక్యుమెంట్ జె అనే మార్గదర్శకం. గాలి కప్పు మీదుగా వీచేటప్పుడు వాలు చుట్టూ ఒత్తిడి మారుతుంది. గొట్టం కొస ఆ ఒత్తిడి ఉన్న చోట ఉంటే పొగ పైకి పోకుండా వెనక్కి తన్నుకొస్తుంది. స్టవ్ మండేది మనిషి కూర్చునే గదిలో. వెనక్కి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. అందుకే ఈ కొలతల విషయంలో రాజీ ఉండకూడదు.

గొట్టం కొప్పు మీదగానీ, కొప్పుకు 600 మిల్లీమీటర్ల లోపుగానీ బయటికి వస్తే, కొప్పు కన్నా కనీసం 600 మిల్లీమీటర్లు పైకి లేవాలి. ప్లానింగ్ హద్దు ఒక మీటరు లోపు అని ముందే చూశాం. అంటే రెండు చట్టాలకూ నచ్చే చోటు ఆ మధ్యనున్న 40 సెంటీమీటర్లే. గొట్టం చూరు దగ్గర, కప్పు వాలు మీద వస్తే లెక్క మారుతుంది. కొస నుంచి అడ్డంగా కొలిస్తే కప్పు ఉపరితలం కనీసం 2.3 మీటర్ల దూరంలో ఉండాలి. దానికి తోడు, గొట్టం కప్పును దాటే చోటు నుంచి కనీసం ఒక మీటరు పైకి, లేదా కొప్పంత ఎత్తుకు ఉండాలి. 45 డిగ్రీల వాలున్న కప్పుకు 2.3 మీటర్ల దూరం తేవాలంటే కప్పు నుంచి 2.3 మీటర్లు పైకి లేపాల్సిందే. అంతెత్తు గొట్టం ఆసరా లేకుండా గాలికి నిలబడదు, స్టే కడ్డీలు బిగించాలి. మామూలు రెండంతస్తుల ఇంట్లో వెనక చూరు దగ్గర లేచిన గొట్టం ఇలా లేపినా కొప్పుకు అటూఇటూగానే ఉంటుంది కాబట్టి ప్లానింగ్‌తో పేచీ రాదు.

పేచీ వచ్చేది చుట్టుపక్కల ఉన్నవాటితో. గొట్టం దగ్గర 2.3 మీటర్ల లోపు తెరిచే వీలున్న కిటికీ, రూఫ్‌లైట్ (కప్పులో అమర్చిన కిటికీ), డార్మర్ (కప్పు వాలు నుంచి బయటికి పొడుచుకొచ్చిన కిటికీ గది) ఉంటే, ఆ కిటికీ పైఅంచు కన్నా గొట్టం కొస కనీసం ఒక మీటరు ఎత్తున ఉండాలి. అటకను గదిగా మార్చుకుని వెనక పెద్ద డార్మర్ కట్టుకున్న ఇళ్లలో కిటికీ పైఅంచు దాదాపు కొప్పు దగ్గరికి వస్తుంది. అప్పుడు గొట్టం కొప్పును దాటక తప్పదు. ఆ దాటడం ప్లానింగ్ గీత లోపల ఉంటుందో లేదో టేపు పెట్టి చూసుకోవాలి. ఇంకా గట్టి చిక్కు పక్కింటితో. 2.3 మీటర్ల లోపు వేరే భవనం ఉంటే, అది పక్కవాళ్లదైనా సరే, ఆ దూరం లోపల ఉన్న దాని భాగాలన్నిటికన్నా గొట్టం 600 మిల్లీమీటర్లు పైకి ఉండాలి.

ఒక లెక్క వేసి చూస్తే ఇది స్పష్టమవుతుంది. అక్కడ బంగ్లా అంటే ఒక్క అంతస్తు ఇల్లు. కొప్పు నేల నుంచి 5 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ప్లానింగ్ దరఖాస్తు లేకుండా గొట్టం 6 మీటర్ల లోపే ఆగాలి. పక్కన రెండంతస్తుల ఇల్లు ఉండి, గొట్టానికి 2.3 మీటర్ల లోపలికి వచ్చే దాని భాగం 5.4 మీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే, బిల్డింగ్ రెగ్యులేషన్స్ కనీసం 6 మీటర్లు అడుగుతాయి. రెండూ ఒకేసారి కుదరవు. అప్పుడు దారులు రెండు: గొట్టాన్ని ఇంకో గోడకు మార్చడం, లేదా పూర్తి ప్లానింగ్ అనుమతి కోరడం. దరఖాస్తు ఖర్చు తప్పించుకోవాలని గొట్టాన్ని పొట్టిగా కోసేయడం మూడో దారి కాదు.

అందువల్ల మొదట అడగాల్సింది అనుమతి కావాలా అని కాదు, ఈ గోడ మీద ఈ గొట్టం సురక్షితంగా పనిచేయాలంటే ఎంత ఎత్తు కావాలి అని. ఆ అంకె చేతికొస్తే అనుమతి ప్రశ్న దానంతట అదే తేలిపోతుంది. స్టవ్ అమ్మేవాళ్ల దగ్గర ఈ వరస తలకిందులవుతుంటుంది. సాధారణంగా అనుమతి అక్కర్లేదన్న మాట ముందే వినిపిస్తుంది, కొలతలు ఆఖర్న జరుగుతాయి.

బయటి గొట్టానికి సహజంగా ఒక బలహీనత ఉంది. ఇటుకల చిమ్నీ ఇంటి మధ్యలో వెచ్చగా ఉంటుంది. బయటి గొట్టం జనవరి చలిలో నిలబడి ఉంటుంది. లోపలి పొగ చల్లబడితే పైకి లాగే శక్తి తగ్గుతుంది, ఆవిరి, తారు లోపలి గోడకు పేరుకుంటాయి. ఆ తారు తర్వాత ఎప్పుడో అంటుకుంటే గొట్టంలో మంటే. అందుకే రెండు స్టీలు పొరల మధ్య ఇన్సులేషన్ నింపిన ట్విన్‌వాల్ గొట్టం వాడతారు. లోపలి వ్యాసం 150 మిల్లీమీటర్లయితే, చుట్టూ 25 మిల్లీమీటర్ల ఇన్సులేషన్‌తో బయటి వ్యాసం 200 దాకా వస్తుంది. గోడ మీద అది చిన్నదిగా కనిపించదు. వంపులు వీలైనంత తక్కువగా ఉండాలి, 45 డిగ్రీలకు మించకూడదు. స్టవ్ వెనక నుంచి అడ్డంగా పోయే ముక్క 150 మిల్లీమీటర్లు దాటకూడదు. చూరు దగ్గర గొట్టాన్ని పక్కకు తిప్పి తీసుకెళ్లాలా, చూరును కోసి నేరుగా పోనివ్వాలా అన్నది ఇల్లు చూసి నిర్ణయించాలి. నేరుగా పోతే వంపులు తగ్గుతాయి, పొగ బాగా లాగుతుంది. కానీ చూరులోని కలపకు, గొట్టానికి మధ్య తయారీదారు చెప్పినంత ఖాళీ కచ్చితంగా వదలాలి.

ఈ పనిని హెటాస్ (కట్టెల స్టవ్‌లు బిగించేవాళ్లను నమోదు చేసే సంస్థ) వంటి సంస్థలో నమోదైన ఇన్‌స్టాలర్ చేస్తే, నిబంధనల ప్రకారమే చేశానని తనే ధ్రువీకరించి కౌన్సిల్‌కు తెలియజేస్తాడు. నమోదు లేనివాళ్లతో చేయిస్తే పని మొదలుపెట్టకముందే బిల్డింగ్ కంట్రోల్‌కు దరఖాస్తు పెట్టి, తనిఖీ చేయించుకోవాలి. స్టవ్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. స్టవ్ 5 కిలోవాట్లు దాటితే గదికి ఎప్పుడూ తెరిచి ఉండే గాలి రంధ్రం కావాలి. గాలి దూరకుండా బిగుతుగా కట్టిన కొత్త ఇళ్లకు అంతకన్నా చిన్న స్టవ్‌కు కూడా కావాలి. చలిగా ఉందని ఆ రంధ్రాన్ని గుడ్డతో మూసేయడం ప్రాణాల మీదికి తెచ్చే పని.

మూడో చట్టం పొగది. 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా లండన్‌ను కమ్మేసిన పొగమంచు వేలమందిని బలితీసుకుంది. అందులో ఇళ్ల బొగ్గు పొయ్యిల పాత్ర పెద్దది. దాని ఫలితంగా 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది, స్మోక్ కంట్రోల్ ఏరియాలు, అంటే పొగ వదలడం మీద ఆంక్షలున్న ప్రాంతాలు, పుట్టాయి. ఇప్పటికీ లండన్‌లో చాలా భాగం, ఇతర నగరాల్లో చాలా ప్రాంతాలు వీటి కిందే ఉన్నాయి. అక్కడ కట్టెలు మండించాలంటే ప్రభుత్వం మినహాయింపు ఇచ్చిన స్టవ్‌లోనే మండించాలి. గొట్టం నుంచి పొగ వస్తే కౌన్సిల్ 175 నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా వేయగలదు. ఈ జరిమానా పద్ధతిని తెచ్చింది 2021 నాటి ఎన్విరాన్‌మెంట్ చట్టం. 2022 జనవరి నుంచి కొత్తగా అమ్మే స్టవ్‌లకు ఎకోడిజైన్ ప్రమాణాలు (పొగ ఎంత తక్కువ వదలాలి, వేడి ఎంత బాగా ఇవ్వాలి అన్న హద్దులు) వర్తిస్తున్నాయి. చిన్న మూటల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదన్న నిబంధన 2021 మే నుంచి అమల్లో ఉంది.

ఈ మూడు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక లోపం కనిపిస్తుంది. ప్లానింగ్ చట్టం వీధిని కాపాడుతుంది. కన్జర్వేషన్ ఏరియాలో గొట్టం రోడ్డు మీదికి కనిపించకూడదంటే అది వెనక్కి వెళ్తుంది. వెనక ఉండేది పడగ్గదుల కిటికీలు, పిల్లలు ఆడుకునే తోటలు, ఆరేసిన బట్టలు. వరస ఇళ్ల వెనక ఖాళీ సన్నగా ఉంటుంది, గాలి లేని సాయంత్రం పొగ అక్కడే ఆగిపోతుంది. గొట్టం ఎంత ఎత్తుంటే పొగ అంత బాగా చెదిరిపోతుంది. రూపం కోసం పెట్టిన మీటరు హద్దు మాత్రం దాన్ని కిందికే ఉంచమంటుంది. దరఖాస్తు లేదు కాబట్టి పక్కింటివాళ్లకు నోటీసు వెళ్లదు. గోడ మీద గొట్టం లేచాకే వాళ్లకు తెలుస్తుంది. దరఖాస్తు పెట్టిన సందర్భాల్లో కూడా, కాలుష్యం మీద వేరే చట్టాలు సక్రమంగా పనిచేస్తాయని భావించి నిర్ణయం తీసుకోవాలన్నది జాతీయ ప్లానింగ్ విధానం. ఆ వేరే చట్టాలు పొగ వచ్చాకే కదులుతాయి. పొగ భరించలేనంతగా ఉంటే 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద పక్కవాళ్లు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, కౌన్సిల్ దర్యాప్తు చేసి ఆపమని నోటీసు ఇవ్వవచ్చు. కానీ అప్పటికే డబ్బు ఖర్చయి ఉంటుంది, ఇరుగుపొరుగు మధ్య మాటలు కరువై ఉంటాయి. ఇళ్లు ఇంత దగ్గరగా ఉండే దేశంలో, పక్కింటి కిటికీకి గొట్టం ఎంత దూరంలో ఉందన్నది క్లాస్ జిలోనే ఒక షరతుగా ఉండాల్సింది. అది వచ్చేదాకా, పని మొదలుపెట్టకముందు పక్కింటి తలుపు తట్టి గొట్టం ఎక్కడ లేస్తుందో చూపించడం చట్టం అడగకపోయినా చేయాల్సిన పని. ఆస్తమా ఉన్న పిల్లాడి గది అటువైపు ఉందని తెలిస్తే గోడ మార్చుకోవడానికి అప్పటికింకా వీలుంటుంది.

సెమీ డిటాచ్డ్ ఇళ్ల మధ్య సందులో గొట్టం పెట్టేటప్పుడు సరిహద్దు కూడా చూసుకోవాలి. గొట్టం గానీ, దాన్ని పట్టుకునే బ్రాకెట్లు గానీ పక్కవాళ్ల స్థలం మీదికి ఒక అంగుళం వెళ్లినా అది వాళ్ల ఆస్తిలోకి చొరబడటమే. ప్లానింగ్ హక్కు దాన్ని సరిచేయదు.

దరఖాస్తు తప్పనిసరైతే భయపడాల్సిందేమీ లేదు. ప్లానింగ్ పోర్టల్‌లో హౌస్‌హోల్డర్ దరఖాస్తు, స్థలం పటం, ఇప్పటి గోడ, గొట్టం పెట్టాక గోడ ఎలా ఉంటుందో కొలతల బొమ్మలు సరిపోతాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి రుసుము 528 పౌండ్లయింది. ఏటా ధరల పెరుగుదలను బట్టి సవరిస్తారు కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున చూసుకోవాలి. నిర్ణయానికి గడువు 8 వారాలు. కన్జర్వేషన్ ఏరియాల్లో మెరిసే స్టీలు కన్నా మెరుపులేని నల్లరంగు గొట్టానికి, మూలన ఒదిగి ఉన్న గొట్టానికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

అనుమతి అక్కర్లేదని తేలినవాళ్లకు లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ అనే వెసులుబాటు ఉంది. ఈ పని చట్టబద్ధమేనని కౌన్సిల్ రాతపూర్వకంగా చెప్పడమే అది. ఇంకా చేయని పనికి రుసుము మామూలు దరఖాస్తులో సగం. తప్పనిసరి కాదు గానీ, ఎత్తు మీటరు గీతకు బాగా దగ్గరగా ఉన్నప్పుడు, ఇల్లు మూలమీద ఉన్నప్పుడు తీసుకోవడమే మంచిది. 2024 ఏప్రిల్ 25 తర్వాత పూర్తయిన పనుల మీద కౌన్సిల్ చర్య తీసుకునే గడువు నాలుగేళ్ల నుంచి పదేళ్లకు పెరిగింది. పదేళ్లలో ఇల్లు చేతులు మారవచ్చు. అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటర్ స్టవ్‌కు హెటాస్ పత్రమో, బిల్డింగ్ కంట్రోల్ కంప్లీషన్ సర్టిఫికెట్టో అడుగుతాడు. అగ్నిప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా అదే అడగవచ్చు. ఇన్‌స్టాలర్ ఇచ్చిన పత్రం, గొట్టం తయారీదారు పుస్తకం, కొప్పు నుంచి గొట్టం కొస ఎంత ఎత్తో తెలిపే కొలతలు, ఏటా చిమ్నీ స్వీప్ ఇచ్చే రసీదులు ఇంటి దస్తావేజుల పక్కనే దాచిపెట్టుకోవాలి.